ఇంటికో జపనీస్

తెలుగు మనకు పనికిరాదు. కోపం తెచ్చుకోకండి, పూర్తిగా వినండి. సభల్లో పనికొస్తుంది. కోర్టులో వాయిదా అడగడానికి పనికొస్తుంది. బస్సులో కర్చీఫు వేసిన సీటు కోసం పోట్లాడటానికి దాన్ని మించిన భాష లేదు. పనికిరానిది ఇంట్లోనే. మొగుడూ పెళ్ళాం పిల్లలూ ఒకే కప్పు కింద మాట్లాడుకోవడానికి తెలుగంత నాసిరకం సరుకు మరొకటి లేదని బల్లగుద్ది చెప్పాల్సిన రోజు వచ్చింది!

కారణం చాలా సులువు. అది అందరికీ అర్థమవుతుంది. అర్థమయ్యే మాటను ఎవరు వింటారండీ? తిరుగుతున్న ఫ్యాను చప్పుడు ఎవరికైనా వినిపిస్తుందా? ఆగినప్పుడు కదా తలెత్తి చూస్తాం.

కాబట్టి ప్రతి ఇంట్లోనూ ఒక్కరైనా, వీలైతే ఇల్లాలు, జపనీస్ నేర్చుకోవాలి. కోచింగ్ సెంటరూ అక్కర్లేదు, గురువూ అక్కర్లేదు. పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా ఫోను చూసి నేర్చుకుంటే చాలు. ఇదేం పిచ్చి అనుకునేవాళ్ళు నరసరావుపేటలో హైమావతి గారి సంగతి తెలుసుకోవాలి.

ఆమె ఇల్లు కోటప్పకొండ రోడ్డులో. భర్త వీరయ్య గారు పత్తి కమీషన్ ఏజెంటు. రైతుకీ మిల్లుకీ మధ్య నిలబడి ఫోనులోనే బేరాలు తెగ్గొట్టే మనిషి. కొడుకు కృష్ణచైతన్య ఇంటర్ చదువుతున్నాడు, అంటే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నాడని అర్థం. మంచి కుటుంబం. గొడవల్లేవు, అలకల్లేవు, పక్కింటికి వినిపించేలా ఒక్క కేక లేదు. ఆ మాటకొస్తే మాటలే లేవు.

లేవంటే తప్పవుతుంది. హైమావతి గారు మాట్లాడుతూనే ఉండేవారు, తెలుగులో. దానికి వీరయ్య గారి దగ్గర ఒక జవాబు ఉంది. అది ఊఁ.

ఈ ఊఁ గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. పత్తి బజారులో దాని విలువ మామూలుది కాదు. అవతలివాడు ఫోనులో రేటు చెప్పి ఆగుతాడు. వీరయ్య గారు కాసేపు గాలిలోకి చూసి ఊఁ అంటారు. అంతే, బేరం కుదిరింది. సంతకం లేదు, సాక్షి లేడు. లారీ కదులుతుంది. మర్నాడు ధర పడిపోనీ, ఆకాశానికి పోనీ, ఊఁ అన్నాక అన్నదే. కాదన్నవాడితో మళ్ళీ బజారులో ఎవడూ బేరం చెయ్యడు. ఆ ఒక్క అక్షరం మీదే ఆయన ఇల్లు కట్టారు, పేరు సంపాదించారు.

అదే ఊఁ ఇంటికొచ్చేసరికి ఏమవుతుందో చూడండి.

"గ్యాసు అయిపోవచ్చిందండీ."

"ఊఁ."

"మీ తమ్ముడు ఫోన్ చేశాడు, ఒంట్లో బాలేదంట."

"ఊఁ."

ఇంట్లో దొంగలు పడ్డారన్నా అదే వచ్చేది. గ్యాసు బండా కదిలేది కాదు, తమ్ముడి ఇంటికి స్కూటరూ కదిలేది కాదు. వీరయ్య గారు చెడ్డవారని ఇందులో అర్థం లేదు. పాపం, ఆయనకు నిజంగానే వినపడేది కాదు.

ఇలా ఉండగా ఒకరోజు హైమావతి గారు ఫోనులో వంకాయ కూర కోసం వెతుకుతుంటే, జపాను వాళ్ళు వంకాయను ఏదో చేస్తున్న వీడియో ఎదురైంది. దాని వెనకాలే ఒక సీరియల్ ముక్క వచ్చింది. అందులో ఒక పెద్దాయన ఆఫీసు నుంచి ఇంటికొచ్చి, బూట్లు విప్పుతూ, "వచ్చేశాను" అని గట్టిగా చెప్పాడు. లోపలి నుంచి ఆయన భార్య "వచ్చారా, రండి" అంది. కింద ఇంగ్లీషు అక్షరాలు చూసి ఆమె ఆ సంగతి గ్రహించారు. గ్రహించి, వెనక్కి జరిపి మళ్ళీ చూశారు. వీరయ్య గారు ఇంటికొచ్చిన సంగతి ఆమెకు స్కూటర్ స్టాండు చప్పుడు చెప్పేది.

ఆ పెద్దాయన అంతటితో ఊరుకోలేదు. అన్నం ముందు కూర్చుని చేతులు జోడించి ఒక మాట అన్నాడు. తిన్నాక మరో మాట అన్నాడు. రెండోది వండినవాళ్ళకు చెప్పే మాటట! మన పల్నాట పద్ధతి వేరు. తిన్నవాడు ఏమీ అనకుండా లేచిపోతే కూర అద్భుతంగా ఉన్నట్టు. ఉప్పు తగ్గితేనే నోరు లేస్తుంది. ఈ లెక్కన పెళ్లైన నాటి నుంచీ హైమావతి గారికి అందిన మెప్పులకు కొదవలేదు, అన్నీ నిశ్శబ్దంగా అందాయంతే.

ఇన్ని మాటలు అనుకునే జనం భాష ఎలా ఉంటుందో చూద్దామని ఆమెకు అనిపించింది. అలా మొదలైంది.

స్వయంకృషిలో ఉన్న సుఖం అనుభవిస్తేగానీ తెలియదు. హాజరు వెయ్యరు, బెంచీ ఎక్కించరు. తిరగమోత పెడుతూ అంకెలు నేర్చుకోవచ్చు. చపాతీ పిండి మీద వేలితో అక్షరం రాసి, బాగా రాకపోతే మళ్ళీ ఉండ చేసి ఒత్తేయొచ్చు. హైమావతి గారు వంటింటి డబ్బాలన్నిటికీ జపనీస్‌లో పేర్లు రాసి అంటించారు. పసుపు, పంచదార, ఉప్పు, బొంబాయి రవ్వ, అన్నీ! దీనివల్ల ఆమెకు రెండు లాభాలు కలిగాయి. ఆమెకు అక్షరాలు వచ్చాయి. ఇంట్లో మగవాళ్ళకు మాటలు వచ్చాయి. అంతకుముందు ఎవరి టీ వాళ్ళు కలుపుకుని ఎవరి గదిలోకి వాళ్ళు పోయేవాళ్ళు. ఇప్పుడు తండ్రీ కొడుకులిద్దరూ వంటింటి గుమ్మంలో నిలబడి "ఇందులో పంచదార ఏది?" అని అడగాల్సి వచ్చింది. ఒక ఇంట్లో సంభాషణ పునరుద్ధరించడానికి ఇంత తక్కువ జిగురు చాలునని ఏ మనస్తత్వ నిపుణుడైనా చెప్పాడా?

ఇక హైమావతి గారు చేరిన గ్రూపు సంగతి. మాచర్లలో బట్టలు కుట్టే ఫాయిజా అనే అమ్మాయి ఆన్‌లైన్‌లో జపనీస్ నేర్చుకునేవాళ్ళ గ్రూపు ఒకటి నడుపుతోంది. అందులో విశాఖ వాళ్ళున్నారు, కువైట్ వాళ్ళున్నారు, పెదకూరపాడులో రిటైరైన డ్రాయింగు మాస్టారు బెంజిమిన్ గారున్నారు. మాస్టారు జపాను అక్షరాలను అచ్చు గుద్దినట్టు గీస్తారు. వాటి అర్థం మాత్రం ఆయనకు తెలియదు. నిదానంగా తెలుస్తుందిలే అంటారు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ఎవరికీ జపనీస్ సరిగా రాదు. అయినా రోజూ ఒకరి భుజం ఒకరు తడుతుంటారు. చూశారా, విద్యకు జ్ఞానం అడ్డు రాని చోటు ఎంత హాయిగా ఉంటుందో!

ఆ గ్రూపులో ఫాయిజా పెట్టిన నియమం ఒకటుంది. బొటనవేలు బొమ్మ పెట్టి తప్పించుకోకూడదు. ఒకరు ఒక మాట రాస్తే, దాన్ని చదివి, అందులోంచే ఒక ప్రశ్న అడగాలి. తొలిసారి హైమావతి గారు తడుముకుంటూ తడుముకుంటూ "ఈరోజు వంకాయ వండాను" అని జపనీస్‌లో రాశారు. కాసేపటికి బెంజిమిన్ మాస్టారి నుంచి, అదే భాషలో, అంతే వంకరగా ప్రశ్న వచ్చింది. "ఎలా కుదిరింది?"

హైమావతి గారు ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయారు. తను చెప్పినదాని మీద ఎవరైనా మరో ప్రశ్న అడిగి ఎన్నాళ్ళైందో ఆమెకు గుర్తు రాలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి, ఎక్కడో పెదకూరపాడులో కూర్చుని, తన వంకాయ కూర గురించి అడుగుతున్నాడు. ఆమెకు చెప్పలేనంత సంతోషం వేసింది. దాని వెనకాలే కొంచెం సిగ్గు కూడా వేసింది, ఇంత చిన్నదానికా ఈ సంతోషమని.

అప్పటి నుంచి ఆమె వెనక్కి చూడలేదు. అసలైన అద్భుతం మాత్రం ఒక మధ్యాహ్నం జరిగింది. అన్నం వడ్డించి, "అన్నానికి రండి" అని పిలిచారు. హాల్లో ఎవరూ కదల్లేదు. మళ్ళీ పిలిచారు. ఫ్యాను తిరిగింది. విసుగొచ్చి, అదే మాట జపనీస్‌లో అన్నారు.

కృష్ణచైతన్య చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు రెండూ ఊడబీకాడు. వీరయ్య గారు మిల్లువాళ్ళతో రేటు మాట్లాడుతూ మాట్లాడుతూ, "ఒక్క నిమిషం" అని చెప్పి ఫోను దించారు. పత్తి సీజనులో! మిల్లువాడిని ఆగమని!

"ఏందే, ఏమన్నావ్?"

"ఏం లేదు."

"ఏం లేకపోవడమేంది, ఏదో అన్నావ్."

"అన్నానికి రమ్మన్నా."

"ఆ ముక్క మామూలుగా చెప్పచ్చుగా."

"ఇందాక మామూలుగానే చెప్పా."

ఆ రోజు నుంచి వీరయ్య గారికి మనశ్శాంతి లేదు. ఆమె వంటింట్లో ఒక్క మాట జపనీస్‌లో గొణిగితే చాలు, ఆయన హాల్లోంచి చెవులు రిక్కించేవారు. మంచినీళ్ళ వంకతో లోపలికి వచ్చి మొహం చూసి పోయేవారు. తనకు లారీలు మాట్లాడిపెట్టే మక్బూల్ దగ్గర గోడు వెళ్ళబోసుకున్నారు కూడా.

"మక్బూలూ, మీ వదిన నన్ను ఆ భాషలో తిడతాందేమోనని అనుమానంగా ఉందయ్యా."

"వదిన తిట్టే మనిషా అన్నా?"

"కాదు గదా. అందుకే భయంగా ఉంది."

చూశారా! ఇన్నేళ్ళు చక్కటి తెలుగులో చెప్పి సాధించలేనిది, వచ్చీ రాని జపనీస్‌లో ఎంత సులువుగా సాధించారో! ఆమె ఇంతటితో ఆగి ఉంటే ఈ వ్యాసం ఇక్కడే అయిపోయేది. కానీ ఆమె ఒక పొరపాటు చేశారు.

డిసెంబరు మొదటి ఆదివారం హైదరాబాదులో జపనీస్ పరీక్ష ఉందని ఫాయిజా చెప్పింది. "రాద్దామక్కా, ఇద్దరం కలిసి పోదాం" అంది.  హైమావతి గారి డిగ్రీ చివరి పరీక్షలప్పుడే పెళ్లి ముహూర్తం వచ్చింది. ముహూర్తాన్ని ఎవరు జరుపుతారు? పరీక్షే జరిగిపోయింది. హాల్ టికెట్ చేతికొచ్చాక రాయలేకపోయిన ఆ పరీక్ష ఆమెకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. ఈసారి ఎలాగైనా రాయాలి. పాసు కావడం ఫెయిలు కావడం తర్వాత సంగతి, వెళ్లి కూర్చుని రాయాలి. అంతకంటే ఆమె ఏమీ కోరుకోలేదు.

ఇంత ముఖ్యమైన సంగతిని ఆమె భర్తకు ఏ భాషలో చెప్పారో తెలుసా? తెలుగులో! ఎదురుగా కుర్చీ వేసుకుని మరీ చెప్పారు.

"డిసెంబరు మొదటి ఆదివారం నాకు హైదరాబాదులో పరీక్ష ఉందండీ. శనివారం మాచర్ల పోయి, ఆడనుంచి ఫాయిజాతో కలిసి పోతా. ఆదివారం ఇంట్లో ఉండను."

"ఊఁ."

హాల్ టికెట్ వచ్చిన రోజు మళ్ళీ చెప్పారు. మళ్ళీ ఊఁ. ఆమె నిశ్చింతగా చదువుకున్నారు. రాత్రింబవళ్ళు గ్రూపులో ఆడియోలు విన్నారు. ఆఖరి వారం ఫాయిజా "భయపడబాకక్కా, నీకు చానా వచ్చు" అని రోజూ పంపింది. బెంజిమిన్ మాస్టారు జపనీస్‌లో "విజయం" అని గీసి పంపారు. అది విజయమో మరొకటో ఎవరూ తేల్చలేదు.

శనివారం పొద్దున వీరయ్య గారు వరండాలో మక్బూల్‌తో టీ తాగుతూ లోపలికి కేకేశారు.

"ఏమే, రేపు కోయంబత్తూరు మిల్లు ఓనరు వస్తన్నాడు, భార్యతో. మనింట్లోనే భోజనం. గోంగూర మటను చెయ్యి."

హైమావతి గారు బయటికి వచ్చారు. చేతిలో బ్యాగు ఉంది.

"ఈ బ్యాగేంది?"

"మాచర్ల పోతన్నా. రేపు పరీక్ష."

"పరీక్షేంది, ఎవురికి?"

"నాకు."

"నాకు చెప్పనే లేదే."

"చెప్పా. హాల్ టికెట్ వచ్చినప్పుడు గూడా చెప్పా."

"నేనేమన్నా?"

"ఊఁ అన్నారు."

"ఏదో అని ఉంటాలే. దానికేముంది. ఈ సీజనంతా ఆ మనిషి చేతిలో ఉంది. పరీక్ష మళ్ళీ ఏడాది రాసుకోవచ్చు."

 సరిగ్గా ఇదే మాట, పెళ్లికి ముందు, హైమావతి గారి నాన్న అన్నాడు. ఆమె బ్యాగు కింద పెట్టబోయారు.

అప్పుడు మక్బూల్ టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"అన్నా, నువ్వు ఊఁ అన్నావా?"

"అన్నాలే గానీ..."

"అనుంటే ఇంకేంది?"

"అది ఇంట్లో ఊఁ మక్బూలూ."

"ఇంట్లోకొకటి, బజారుకొకటి ఉన్నాయని నాకిప్పటిదాకా తెలవదే. రేపు నువ్వు లారీ పెట్టమని ఊఁ అంటే, ఇది యాడి ఊఁ అని అడిగి పెట్టాలా?"

మక్బూల్ నవ్వకుండానే అడిగాడు. వీరయ్య గారి మొహంలో రంగు మారింది. ఈ మాట బజారులో పడితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. వీరయ్య ఊఁ అని కూడా కాదన్నాడట, అని సాయంత్రానికి జిన్నింగు మిల్లులన్నిటికీ పాకుతుంది.  హైమావతి గారు అనుమతి కోసం నిలబడలేదు. బేరం ఎప్పుడో కుదిరింది, లారీ ఇప్పుడు కదిలిందంతే. గుమ్మం దిగుతూ భర్తతో ఏదో చెప్పి, కొడుకు స్కూటీ వెనక ఎక్కి బస్టాండుకు వెళ్లిపోయారు.

ఆదివారం భోజనం మెస్సు నుంచి వచ్చింది. పప్పులో ఉప్పు చాలలేదు. వీరయ్య గారు వంటింట్లోకి వెళ్లి జపాను డబ్బాల ముందు నిలబడి, ఒకటి తీసి, అతిథి పళ్ళెంలో ధారాళంగా పంచదార చల్లారు. భార్యకు ఫోను చేస్తే స్విచాఫ్. మిల్లు ఓనరు భార్య మాత్రం ఆ డబ్బాలు చూసి ముచ్చటపడింది. ఎవరు రాశారని అడిగింది.

"మా ఆవిడ. జపనీస్ వచ్చు" అన్నారు వీరయ్య గారు. అనేశాక ఆయనకే గర్వం వేసింది.

"ఎప్పటి నుంచి నేర్చుకుంటున్నారు? ఎవరు నేర్పారు? జపనీసే ఎందుకు?"

వీరయ్య గారికి ఒక్కదానికీ జవాబు తెలియదు. తన ఇంటి మనిషి గురించి కోయంబత్తూరు వాళ్ళు అడుగుతుంటే, ఆయన పంచదార పప్పు వైపు చూస్తూ కూర్చున్నారు. ఆయనకు నిజంగా సిగ్గు వేసింది.

సోమవారం ఆమె వచ్చేసరికి ఆయన గుమ్మంలోనే ఉన్నారు. ఫోను జేబులో ఉంది. పెళ్లైన ఇన్నేళ్ళకు, బ్యాగు అందుకుని, స్వచ్ఛమైన తెలుగులో అడిగారు.

"ఎట్టా రాశావ్? ఏమడిగారు?"

హైమావతి గారు కూర్చుని, నీళ్ళు తాగి, చెప్పారు. "రాసేది బానే రాశా. చివర్లో వినే పరీక్ష ఉంటది. ఒకామె ఏదో చెబుద్ది. ఒక్కసారే చెబుద్ది. ఆమె ఏం చెప్పిందో మనం గుర్తుపట్టాల."

"అంతేనా?"

"అంతే."

"ఆడమనిషి చెప్పింది వింటే పాసా? ఇదేం పరీక్షే, ఇంత తేలిగ్గా ఉంది."

"చానా తేలిక. మీకూ పెడతా, తెలుగులోనే. శనివారం గుమ్మం దిగేటప్పుడు మీతో ఒక మాట చెప్పా. ఏం చెప్పా?"

వీరయ్య గారు ఆలోచించారు. గాలిలోకి చూశారు. "జాగ్రత్తగా ఉండమన్నావ్."

"కాదు."

"పాలబ్బాయికి రేపు రావద్దని చెప్పమన్నావ్."

"కాదు."

"పోనీ ఇంకోసారి చెప్పు."

"ఒక్కసారే చెబుతారన్నాగా" అని ఆమె లోపలికి వెళ్లిపోయారు.

హైమావతి గారు పరీక్ష పాసయ్యారు. వినే భాగంలోనే ఎక్కువ మార్కులు. అందులో వింతేముంది, ఆమె ఇంట్లో వినే పని ఎప్పుడూ ఆమెదే. వీరయ్య గారు మాత్రం ఇంకా పాసు కాలేదు. రోజుకొకసారి వంటింట్లోకి వచ్చి, ఇదా, అదా అని అడుగుతున్నారు. ఆమె కాదంటున్నారు. ఆ వంకతో ఇద్దరూ కాసేపు మాట్లాడుకుంటున్నారు. ఇంతకీ ఆమె ఆ రోజు ఏం చెప్పారో మక్బూల్‌కీ తెలియదు, ఫాయిజాకీ తెలియదు, ఈ వ్యాసం రాస్తున్నవారికీ తెలియదు.

పుట్టినప్పటి నుంచీ వచ్చిన భాషలో, సొంత ఇంట్లో, ఒక్క ప్రశ్న పరీక్షలో తప్పిన ఆ పెద్దమనిషిని చూసి మీరు ఇందాకటి నుంచి నవ్వుతున్నారు. నవ్వండి. మీరు తెలుగు బాగా వచ్చినవాళ్ళు, ఇంత పొడుగు వ్యాసం చివరిదాకా చదివారు. మీకూ ఒకటే ప్రశ్న. మీరు ఇది చదువుతుండగా లోపలి గదిలోంచి ఒకరు మీతో ఏదో చెప్పారు. మీరు తల కూడా ఊపారు. ఏం చెప్పారు?